రిచీ స్ట్రీట్: బొమ్మల కొలువుకు దీపాలు పెట్టేవాళ్ల కోసం

దీపాలను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు కోసమైతే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్ దాకా వెళ్లనక్కర్లేదు. ఆర్డునో నానో కావాలన్నా, ఈఎస్‌పీ32 కావాలన్నా ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తుంది. ధరలో కూడా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. కానీ ఆ బోర్డు చుట్టూ ఉండేవి, అంటే అడాప్టర్, వైర్లు, కనెక్టర్లు, కెపాసిటర్, రెండు మూడు రూపాయల డయోడ్, వీటి కోసం మాత్రం స్వయంగా వెళ్లాలి. చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, వీలైతే అక్కడే వెలిగించి చూసి కొనాలి. ఇంట్లో లైట్లు సరిగ్గా వెలిగేదీ వెలగనిదీ ఎక్కువగా వీటి మీదే ఆధారపడి ఉంటుంది. ఏటా దసరాకు ముందు ఆ వీధికి వెళ్లి వస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మాది పెరంబూరు. నేను బళ్లో ఫిజిక్స్ చెబుతాను. మా అత్తయ్యగారు దసరాకు ఏడు మెట్ల కొలువు పెడతారు. మరపాచి బొమ్మలు, కొండపల్లి దశావతారాలు, తంజావూరు తలాడించే బొమ్మ అన్నీ ఆవిడ చూసుకుంటారు. మెట్ల కింద వేసే పార్కు మాత్రం నాదీ మా అమ్మాయిదీ. ఆవాలు, మెంతులు చల్లి మొలిపించిన పచ్చికలో ఒక చిన్న ఊరు కడతాం. అందులో గుడి, కోనేరు, సంత, జెయింట్ వీల్, రైల్వే గేటు ఉంటాయి. రైలు లేకుండా మా ఇంట్లో కొలువు లేదు. మా మామగారు ఐసీఎఫ్‌లో (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో) రైలు పెట్టెలు తయారు చేసిన మనిషి. 1955లో నెహ్రూగారు ప్రారంభించిన ఆ ఫ్యాక్టరీ మా వీధిలో సగం ఇళ్లకు అన్నం పెట్టింది. అందుకని రైలు వచ్చినప్పుడు గేటు పడాలి, సిగ్నల్ ఎర్రబడాలి, స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ రావాలి. మెట్ల అంచుల వెంట రంగు దీపాలు, గుళ్లో ప్రమిద వెలుగు. ఇవన్నీ ఒకటి రెండు మైక్రోకంట్రోలర్ బోర్డులతో నడుస్తాయి.

రిచీ స్ట్రీట్ మౌంట్ రోడ్డుకు ఆనుకునే ఉంది. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లే దూరం. మేము పెరంబూరు నుంచి లోకల్ ట్రైన్‌లో సెంట్రల్‌కు వచ్చి, అక్కడ మెట్రో ఎక్కుతాం. బండి మీద వెళ్లొద్దు, పార్కింగ్ దొరకదు. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి. మామూలు రోజుల్లో పొద్దున షాపులు తెరిచిన కాసేపటికి వెళ్తే కౌంటర్ దగ్గర మనతో మాట్లాడే తీరిక వాళ్లకు ఉంటుంది. సాయంత్రం అయితే సర్వీసు షాపులవాళ్లు, కాలేజీ ప్రాజెక్టుల పిల్లలు కమ్ముకుంటారు. పక్కనున్న నరసింగపురం వీధి కూడా ఇదే బజారులో భాగం. ల్యాప్‌టాప్‌లు, సీసీ కెమెరాలు, స్పీకర్లు అమ్మే షాపులే ఎక్కువ కనిపిస్తాయి. మనకు కావలసిన విడిభాగాల కొట్లు చాలావరకు కాంప్లెక్సుల లోపల, మెట్లెక్కి వెళ్లే చోట్ల ఉంటాయి. బయట బోర్డులు చూసి ఇక్కడేమీ దొరకదని వెనక్కి రావద్దు.

ముందు ఎల్‌ఈడీ స్ట్రిప్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ గందరగోళం ఉండేదీ అక్కడే. మనకు కావలసింది డబ్ల్యూఎస్2812బీ. ఇందులో ఒక్కో ఎల్‌ఈడీ లోపలే ఒక చిన్న చిప్ ఉంటుంది, అందుకే ఒక్కోదాన్నీ విడిగా ఏ రంగులో కావాలంటే ఆ రంగులో వెలిగించవచ్చు. మొత్తానికీ మూడే వైర్లు: 5 వోల్టులు, గ్రౌండ్, డేటా. షాపుల్లో దీన్ని పిక్సెల్ స్ట్రిప్ అనో, అడ్రెసబుల్ స్ట్రిప్ అనో అడిగితే ఇస్తారు. చిక్కేమిటంటే డబ్ల్యూఎస్2811 అనే 12 వోల్టుల స్ట్రిప్‌ను కూడా అదే పేరుతో అమ్ముతారు. దానిలో మూడేసి ఎల్‌ఈడీలు ఒక జట్టుగా వెలుగుతాయి. షాపుల ముందు అలంకారానికి అది బాగానే ఉంటుంది కానీ, 5 వోల్టుల అడాప్టర్‌తో నడిచే మన ఏర్పాటుకు పనికిరాదు. ఒక కౌంటర్‌లో "రెండూ ఒకటే మేడమ్" అంటూ అదే చుట్టబోయారు. పక్క కాంప్లెక్సులో సూళ్లూరుపేట అబ్బాయి ఒకతను పనిచేస్తాడు. అతను రెండు స్ట్రిప్‌లూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"ఇక్కడ చూడక్కా, 12వీ అని రాసుంది. కత్తిరించే గీత మూడు లైట్లకు ఒకసారి వస్తుంది. మీకు కావలసింది ఇది. ప్రతి లైటు తర్వాతా గీత ఉంటుంది."

"ఒకసారి వెలిగించి చూపిస్తావా తమ్ముడూ?"

అతను లోపలి నుంచి ఒక టెస్టర్ తెచ్చి, మొదటి ఎల్‌ఈడీ నుంచి చివరిదాకా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా నడిపించాడు. మధ్యలో ఒకటి నీలంలో వెలగలేదు. నేను అడక్కుండానే ఆ చుట్ట పక్కన పెట్టి ఇంకోటి విప్పాడు. పార్శిల్‌లో వచ్చిన స్ట్రిప్‌లో అలా ఒకటి చచ్చి ఉంటే మళ్లీ ప్యాక్ చేసి పంపడం, మార్చి పంపేదాకా ఎదురుచూడడం. మహాలయ అమావాస్య దగ్గర పడ్డాక ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

మీటరుకు 30, 60, 144 ఎల్‌ఈడీల స్ట్రిప్‌లు ఉన్నాయి. మెట్ల అంచుకు 30 చాలు. దగ్గరగా కూర్చుని చూసేవాళ్ల కళ్లకు 144 గుచ్చుకుంటుంది, పైగా కరెంటు తాగేస్తుంది. సిలికాన్ పూత ఉన్నదీ, ట్యూబులో వచ్చేదీ వద్దు. ఇంట్లో తడిసే పని లేదు, పూత గీకి సోల్డర్ చేయడం, అంటే లోహం కరిగించి వైరు అతికించడం, అనవసరమైన శ్రమ. పూత లేనిది కొని, మెట్టు కొలతకు కత్తిరించి, ముక్కల మధ్య వైరు అతికించుకోవాలి. స్ట్రిప్ మీద ఉండే బాణం గుర్తు డేటా వెళ్లే దిక్కు, దానికి ఎదురు కలిపితే వెలగదు.

ఇక కరెంటు లెక్క. ఇది నేను పదో తరగతి పిల్లలకు కూడా చేయిస్తాను. ఒక్కో ఎల్‌ఈడీలో మూడు రంగులు, నిండుగా వెలిగితే రంగుకు సుమారు 20 మిల్లీయాంప్‌లు, అంటే తెలుపుకు 60. మా ఏడు మెట్లు, ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, మొత్తం సుమారు 250 ఎల్‌ఈడీలు. అన్నీ తెల్లగా నిండుగా వెలిగిస్తే 15 యాంప్‌లు! ఇది వినగానే కౌంటర్‌లో 20 యాంప్‌ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 5 వోల్టులకు మార్చే పెట్టె) తీసి బల్ల మీద పెడతారు. చిల్లుల ఇనుప డబ్బాలా ఉంటుంది, ఒక చివర స్క్రూలు బయటికే కనిపిస్తుంటాయి. ఆ స్క్రూల మీద 230 వోల్టులు ఉంటుంది. పేరంటానికి వచ్చేవాళ్ల చంటిపిల్లలు పాకేది ఆ పార్కు చుట్టూనే. పట్టుచీరల కొంగులు, దూది, కాగితపు తోరణాలు, నూనె దీపం అన్నీ అక్కడే. దయచేసి అది కొనవద్దు. మూసి ఉన్న ప్లాస్టిక్ అడాప్టర్, 5 వోల్టులు 5 యాంప్‌లది, బీఐఎస్ ముద్ర చూసి తీసుకోండి. వెలుగును సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోండి. రాత్రిపూట గదిలో ఐదో వంతు వెలుగు కూడా ఎక్కువే. బొమ్మలు కనబడాలి కదా, దీపాలు కాదు.

అడాప్టర్‌ను కూడా షాపులోనే పరీక్షించమని అడగాలి. ఖాళీగా 5 వోల్టులు చూపించడం పెద్ద విషయం కాదు. 5 యాంప్‌లు దాటనంత స్ట్రిప్ తగిలించి, నిండుగా వెలిగించి, అప్పుడు వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టాలి. 4.8 దగ్గర నిలబడితే మంచిదే. నాలుగు దగ్గరకు జారిపోతే పైన రాసిన యాంప్‌లు అబద్ధం. నేను అడిగిన చోట్ల ఎక్కువమంది విసుక్కోకుండా చేసి చూపించారు. ఒక్క షాపులో మాత్రం "కొన్నాక ఇంట్లో చూసుకోండి" అన్నారు. అక్కడ కొనలేదు.

వైరు విషయంలో కక్కుర్తి పడకూడదు. స్ట్రిప్‌తో వచ్చే సన్నటి వైరు గుండా ఏడు మెట్లకూ కరెంటు పంపితే పై మెట్టు దాకా వెళ్లేసరికి వోల్టేజి పడిపోతుంది. నీలం రంగు ఎల్‌ఈడీకి మిగతా వాటికన్నా ఎక్కువ వోల్టేజి కావాలి, అందుకే చివర్లో తెలుపు కాస్తా పసుపుకో ఎరుపుకో తిరుగుతుంది. దీనికి మందు పెద్ద అడాప్టర్ కాదు, మందమైన వైరు. అడాప్టర్ నుంచి ఎరుపు నలుపు జంట వైరు ఒకటి మెట్ల వెనక పైదాకా తీసుకెళ్లి, రెండు మెట్లకు ఒకచోట స్ట్రిప్‌కు కలపాలి. రిచీ స్ట్రీట్‌లో వైరు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, రాగి ఎంత మందమో చివర ఒలిచి చూపిస్తారు. ఫోన్‌లో బొమ్మ చూసి కొంటే ఇది ఎలా తెలుస్తుంది? అక్కడే వైర్లను కలిపి విడదీయడానికి రిలీమేట్ కనెక్టర్లు, మూడు పిన్నుల జేఎస్‌టీ జతలు, ఇంకా బెర్గ్ స్ట్రిప్ (పిన్నుల వరస), డాట్ బోర్డు (భాగాలు సోల్డర్ చేసుకునే చిల్లుల పలక) కూడా విడిగా ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. కొలువు తొమ్మిది రోజులే. తర్వాత విప్పి అటక మీద పెట్టి, మళ్లీ ఏడాది అతికించాలి. కనెక్టర్లు లేకుండా అన్నీ సోల్డర్ చేసేస్తే విప్పేటప్పుడు కత్తెర తప్ప గతి లేదు.

బోర్డుల మాటకొస్తే, మెట్ల దీపాలకు ఈఎస్‌పీ32 తీసుకోండి. నాకు నాలుగు వందల రూపాయల చిల్లర పడింది. దానిలో డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే ఒక్క లైను కోడ్ రాయకుండా ఫోన్‌లోంచే రంగులు మార్చవచ్చు. నవరాత్రుల్లో రోజుకో రంగు ముందే దాచి పెట్టుకోవచ్చు, సంధ్య వేళకు దానంతట అదే వెలిగేలా పెట్టవచ్చు. స్ట్రిప్ ఎంత కరెంటు వాడాలో కూడా అందులోనే హద్దు పెట్టవచ్చు. మొదట అది 850 మిల్లీయాంప్‌ల మీద ఉంటుంది, మేము మూడు యాంప్‌లకు మార్చుకున్నాం. ఇంట్లో వైఫై లేకపోయినా బోర్డే సొంతంగా ఒక వైఫై పెట్టుకుంటుంది. దాని పాస్‌వర్డ్ మాత్రం మార్చండి, అందరికీ తెలిసినదే మొదట ఉంటుంది. పేరంటానికి వచ్చిన పిల్లల్లో ఒకరైనా కనిపెడతారు.

పార్కులోని రైల్వే గేటుకు, వీధి దీపాలకు నానో చాలు. ఏటీమెగా328పీ చిప్, 32 కేబీ మెమరీ, 16 మెగాహెర్ట్జ్. ఇంత చిన్న పనికి ఇది బోలెడు. బజారులో దొరికేవి చాలావరకు యూఎస్‌బీ కోసం సీహెచ్340 చిప్ వేసిన నకళ్లే, ఆ చిప్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉండాలి. ప్రోగ్రామ్ ఎక్కకపోతే ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ దగ్గర "ఓల్డ్ బూట్‌లోడర్" అని ఎంచుకుంటే చాలాసార్లు ఎక్కేస్తుంది, బోర్డు పాడైందనుకుని పారేయకండి. ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీయాంప్‌లకు మించి లాగకూడదు, కాబట్టి ప్రతి చిన్న ఎల్‌ఈడీకీ 220 లేదా 330 ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. గుళ్లో ప్రమిదకు మాత్రం పిక్సెల్ ఎల్‌ఈడీ వద్దు. పసుపు రంగు మామూలు ఎల్‌ఈడీ ఒకటి పెట్టి, దాని వెలుగును కోడ్‌లో యాదృచ్ఛికంగా కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉంటే నిజం దీపంలా ఊగుతుంది. మా అత్తయ్యగారికి అన్నిటికన్నా అదే ఇష్టం.

ఒకే నానోతో పిక్సెల్ దీపాలూ, గేటు ఎత్తే సర్వో మోటారూ (చెప్పినంత మేర తిరిగి ఆగేది) నడపాలనుకునేవాళ్లకు ఒక మాట. పిక్సెళ్లకు డేటా పంపేటప్పుడు నానో మిగతా పనులన్నీ ఆపేస్తుంది. ఒక్కో పిక్సెల్‌కు 30 మైక్రోసెకన్లు, వందకు మూడు మిల్లీసెకన్లు. సర్వోకేమో 20 మిల్లీసెకన్లకోసారి, ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్ల పల్స్ ఖచ్చితంగా అందాలి. రెండూ ఢీకొంటే గేటు వణుకుతుంది. సర్వో పాడైందని షాపుకు తిరిగి తెచ్చేవాళ్లను అక్కడే చూశాను. దానికి వేరే నానో పెట్టడమో, పీసీఏ9685 అనే సర్వో డ్రైవర్ బోర్డు కొనడమో చేస్తే సరిపోతుంది. సర్వో ఎస్‌జీ90 నూరు రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, గేటుకు చాలు. చేత్తో బలవంతంగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. పిల్లలు ముట్టుకునే చోటైతే లోహపు పళ్లున్న ఎంజీ90ఎస్ మేలు.

జెయింట్ వీల్‌కు పసుపు రంగు బీఓ మోటార్, అంటే గేర్లున్న చిన్న మోటారు. దానికి అన్ని కౌంటర్లలోనూ అలవాటుగా ఎల్298ఎన్ డ్రైవర్ (మోటారుకు కరెంటు అందించే బోర్డు) ఇస్తారు. అది పాతకాలపు చిప్, సుమారు రెండు వోల్టులు తనే మింగేస్తుంది. ఐదు ఇస్తే మోటారుకు మూడు మిగులుతాయి, వీల్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. టీబీ6612 అడగండి. బోర్డు చిన్నది, మింగేదీ చాలా తక్కువ. వాళ్లు లేదని చెబితే ఇంకో షాపుకు వెళ్లండి, ఆ వీధిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

రైలు వచ్చిందని తెలుసుకోవడానికి చాలామంది ఐఆర్ సెన్సర్ (కంటికి కనబడని వెలుతురుతో పసిగట్టేది) కొంటారు. మా అనుభవంలో అది నల్ల ఇంజన్‌ను సరిగ్గా చూడదు, కిటికీలోంచి ఎండ పడితే లేని రైలును చూస్తుంది. అయస్కాంతం దగ్గరకొస్తే కలిసే రీడ్ స్విచ్ ఒకటి పట్టాల కింద పెట్టి, ఇంజన్ అడుగున చిన్న అయస్కాంతం అతికించాం. వెలుతురుతో దానికి పనే లేదు. రీడ్ స్విచ్ గాజుది, కాళ్లు వంచేటప్పుడు గాజుకు ఆనించి వంచితే పగులుతుంది. నాలుగైదు ఎక్కువే కొనుక్కోండి, ఖరీదేమీ కాదు.

అనౌన్స్‌మెంట్‌కు డీఎఫ్‌ప్లేయర్ మినీ, అంటే ఎంపీ3 ఫైళ్లు వినిపించే చిన్న బోర్డు. మెమరీ కార్డులో ఎంపీ3 అనే ఫోల్డర్ పెట్టి, ఫైళ్లకు 0001, 0002 అని పేర్లు ఇవ్వాలి. నానో నుంచి వెళ్లే డేటా వైరులో ఒక కిలో ఓమ్ రెసిస్టర్ వేస్తే స్పీకర్‌లో గరగర తగ్గుతుంది. "దయచేసి వినండి" అని మా అత్తయ్యగారే చెప్పారు, మా అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసింది. స్టేషన్ పేరు మా మామగారి ఊరిది.

వీధి మీద నా ఫిర్యాదులు కూడా చెప్పాలి. అమ్మిన సరుకు సాధారణంగా వాపసు తీసుకోరు. బిల్లు అడిగితేనే ఇస్తారు, తప్పకుండా అడగండి. వివరాల కాగితం ఏదీ ఇవ్వరు, ఏ పిన్ను ఏమిటో మనమే వెతుక్కోవాలి. కౌంటర్ దగ్గర ఆడవాళ్లు నిలబడితే "సార్ రాలేదా" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నాకు అది నచ్చదు, ఆ షాపులో నిలబడను కూడా. తమిళం రాకపోతే హిందీతో నడుస్తుంది, ఒక్కోచోట తెలుగు కూడా వినబడుతుంది. కావలసినవాటి పేర్లూ నంబర్లూ కాగితం మీద రాసుకుని వెళ్తే భాషతో పని ఉండదు. చీటీ చేతికిస్తే అరల్లోంచి తీసి పెడతారు. లేనివి పక్క షాపు నుంచి తెప్పిస్తామంటే వద్దనండి, మీరే వెళ్లి చూసుకోండి.

సోల్డరింగ్ ఐరన్ లేనివాళ్లు 25 వాట్ల సోల్డ్రాన్ కొనుక్కోండి, మా ఇంట్లోది ఏళ్లుగా పనిచేస్తోంది. దానితో పాటు స్టాండు, మల్టీమీటర్. ఈ మూడింటికీ పెట్టే డబ్బు వృథా కాదు.

ఇంకొక్కటి. ఈఎస్‌పీ32 డేటా వైరులో ఇచ్చేది 3.3 వోల్టులు. 5 వోల్టులతో నడిచే పిక్సెల్‌కు డేటాలో కనీసం 3.5 కావాలని దాని తయారీదారుల లెక్క. చాలాసార్లు 3.3తోనే వెలుగుతుంది, కానీ వైరు పొడవైనప్పుడో గది వేడెక్కినప్పుడో దీపాలు ఉన్నట్టుండి పిచ్చి రంగులు చూపిస్తాయి. దీనికి సరైన విరుగుడు 74హెచ్‌సీటీ125 ఐసీ, డేటాను 3.3 నుంచి 5 వోల్టులకు పెంచే చిప్ అది. అది దొరకని రోజున సూళ్లూరుపేట తమ్ముడు చెప్పిన ఉపాయం ఇది: స్ట్రిప్ మొదట్లో ఒక్క ఎల్‌ఈడీని కత్తిరించి విడదీయాలి. దానికి 5 వోల్టులు నేరుగా కాకుండా 1ఎన్4007 డయోడ్ గుండా ఇవ్వాలి. డయోడ్ 0.7 వోల్టులు తగ్గిస్తుంది, ఆ ఎల్‌ఈడీకి 4.3 అందుతుంది, అప్పుడు దానికి డేటాలో మూడు వోల్టులు చాలు. అది తన వంతుగా 4.3 వోల్టుల డేటాను తర్వాతి వాటికి పంపుతుంది. వాటి 5 వోల్టులు మాత్రం అడాప్టర్ నుంచి నేరుగానే వెళ్లాలి. బోర్డుకు, స్ట్రిప్‌కు గ్రౌండ్ వైరు కలిసే ఉండాలి, డేటా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, అడాప్టర్ 5 వోల్టుల వైర్ల చివర్ల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉండాలి. ఆ కెపాసిటర్ ప్లస్ మైనస్ చూసుకుని పెట్టండి. డయోడ్లు పది కొన్నా ఇరవై ముప్పై రూపాయలు దాటవు.